విటమిన్ డి, నాడీకణాలు: ప్రాజెక్టుకు డబ్బు కట్టే ముందు ల్యాబ్‌ను ఏం అడగాలి?

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండల ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మూడో సెమిస్టర్ చదువుతున్నది. ఆక్సిజన్ తగ్గినప్పుడు నాడీకణాలను విటమిన్ డి కాపాడుతదా అన్న దాని మీద ప్రాజెక్టు చేస్తా అంటున్నది. హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు ల్యాబ్ వాళ్లు 45 రోజులకు 35 వేలు అడుగుతున్నరు, సర్టిఫికెట్ కూడా ఇస్తరట. కట్టాల్నా? దీంతోని రేపు ఉద్యోగం ఏమన్న వస్తదా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: అప్పుడే కట్టకండి. టాపిక్‌లో లోపం లేదు. ఆ ల్యాబ్‌లో ఆక్సిజన్‌ను నిజంగా తగ్గించే ఏర్పాటు ఉందా, తగ్గిందని కొలిచి చూపించగలరా అన్నది తేలేదాకా ఆగండి. విటమిన్ డి సీసా ఎవరైనా కొనుక్కొస్తారు. ఈ ప్రాజెక్టు బరువంతా ఆక్సిజన్ మీదే ఉంది.

పుట్టగానే ఏడవని పసికందు, పక్షవాతం వచ్చిన పెద్దాయన: ఇద్దరి మెదడులోనూ జరిగే నష్టం ఒక్కచోటే మొదలవుతుంది. నాడీకణానికి దాచుకున్న శక్తి అంటూ పెద్దగా ఉండదు. ఆక్సిజన్ ఆగితే నిమిషాల్లో ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి) పడిపోతుంది, సోడియాన్ని కణం బయటికి తోసే పంపు ఆగుతుంది, కాల్షియం లోపలికి పోటెత్తి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని కణం పసిగట్టడానికి హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ ఉంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే పుట్టింది పుట్టినట్టే నాశనమవుతుంది, తగ్గితే పోగవుతుంది. ఈ కిటుకు కనిపెట్టిన కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది. విటమిన్ డి దారి వేరు. దాని చురుకైన రూపం కాల్సిట్రయాల్ కణంలోని గ్రాహకానికి (దాన్ని పట్టుకునే ప్రొటీన్‌కు) అతుక్కుని, కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను నడిపిస్తుంది. ఇది గంటలు పట్టే పని. అందుకే ఆక్సిజన్ తగ్గించడానికి 24 గంటల ముందే మందు ఇస్తారు. రెండూ ఒకేసారి మొదలుపెట్టి ‘ఫలితం రాలేదు’ అని రాసేవాళ్లూ ఉన్నారు.

ఇక ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగాల్సినవి. మీరు కాదు, మీ బిడ్డ అడగాలి. జవాబు చెప్పేది రిసెప్షన్ వాళ్లు కాదు, రోజూ కణాలు పెంచే మనిషి.

హైపాక్సియా (ఆక్సిజన్ కొరత) ఎలా చేస్తారు? 1 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్ ఉండే చాంబర్ ఉందంటే మంచిది. ‘కోబాల్ట్ క్లోరైడ్ వేస్తాం’ అంటే అది నకలు మాత్రమే. 100–200 మైక్రోమోలార్ (ద్రావణం గాఢతకు కొలత) కోబాల్ట్ వేస్తే హిఫ్ పెరిగే మాట నిజం, ఆక్సిజన్ మాత్రం తగ్గదు. పైగా కోబాల్టే విషం. కణాలు చచ్చింది దేనివల్లో చెప్పలేం. చౌక పద్ధతి కనుక చేయొచ్చు, కాకపోతే థీసిస్ పేరులోనే కోబాల్ట్ అన్న మాట ఉండాలి.

చాంబర్ ఉన్నంత మాత్రాన అయిపోదు. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో), ప్లాస్టిక్ ప్లేటులో కూడా ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అది దిగడానికి గంటలు పడుతుంది, కాబట్టి మీడియాన్ని ముందురోజే చాంబర్‌లో పెట్టాలి. ప్రయోగం అయ్యాక ప్లేటును బయటికి తెచ్చి ప్రొటీన్ తీయడానికి తీరిగ్గా కణాలను కరిగిస్తే, గాలి తగిలిన నిమిషాల్లో హిఫ్ మాయమవుతుంది. ప్రొటీన్‌ను గీతగా చూపించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో గీత రాదు. తప్పు హిఫ్‌ను పట్టి చూపే యాంటీబాడీదని దాన్ని మార్చుకుంటూ కూర్చుంటారు. చాంబర్‌లోనే, లేదంటే బయటికి తీసిన క్షణమే ఐస్ మీద కరిగించాలి. ఈ ఒక్క సంగతి అడిగి చూడండి, ల్యాబ్‌కు పని తెలుసో లేదో అక్కడే తేలిపోతుంది.

కణాలు ఏవి? మామూలుగా ఎస్‌హెచ్-ఎస్‌వై5వై వాడతారు. ఇవి క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చిన కణాలు, విభజన చెందుతూనే ఉంటాయి. కాల్సిట్రయాల్ ఆ విభజనను తగ్గించగలదు. బతికున్న కణాలను రంగుతో లెక్కగట్టే ఎంటీటీ పరీక్షలో రంగు తగ్గితే కణాలు చచ్చాయనుకుంటాం, నిజానికి పెరగకపోయి ఉండొచ్చు. అందుకే ఎంటీటీ ఒక్కదాన్నే నమ్మకుండా, చచ్చిన కణం నుంచి కారే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను కూడా కొలవాలి. ఈ కణాలు ప్లేటుకు గట్టిగా అంటుకోవు, కడిగేటప్పుడు కొట్టుకుపోతాయి. మైకోప్లాస్మా (కల్చర్‌ను కంటికి కనిపించకుండా పాడుచేసే బ్యాక్టీరియా) పరీక్ష ఎప్పుడు చేశారో కూడా అడగాలి. ఎలుక పిండాల నుంచి తీసిన నాడీకణాలు ఇంతకన్నా మేలు, కానీ జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. 45 రోజుల్లో తేలే వ్యవహారం కాదు.

మందు లెక్క ఇలా ఉంటుంది. 10 మైక్రోగ్రాముల కాల్సిట్రయాల్‌ను 240 మైక్రోలీటర్ల ఇథనాల్‌లో కరిగిస్తే 100 మైక్రోమోలార్ ద్రావణం వస్తుంది (అణుభారం 416.6). అందులో 1 మైక్రోలీటర్ 1 మిల్లీలీటర్ మీడియంలో కలిపితే 100 నానోమోలార్, ఇథనాల్ 0.1 శాతం. వెలుతురు తగలకుండా ఉంచాలి. ప్లేటులో మందు వేయని గుంటల్లోనూ అంతే ఇథనాల్ పడాలి. మీడియంలో వేసే సీరంలోనే (జంతు రక్తం నుంచి తీసిన ద్రవంలోనే) విటమిన్ డి ఉంటుంది కాబట్టి చార్‌కోల్‌తో శుభ్రం చేసిన సీరం వాడాలి. గ్రూపులు నాలుగు: ఆక్సిజన్ మామూలుగా ఉన్నవి, తగ్గించినవి, రెండింటిలోనూ మందు పడ్డవి, పడనివి. ఒకే రోజు మూడు గుంటల్లో చేసి ‘మూడుసార్లు చేశాం’ అంటే కుదరదు. మూడు వేర్వేరు వారాల్లో, వేర్వేరు కణాలతో చేయాలి. 45 రోజులు చాలవని నేననేది ఇందుకే. ఆరు నెలలు కావాలి. కాజీపేట నుంచి రోజూ రైల్లో పోయి రావడమూ కుదరదు, కణాలకు ఆదివారం ఉండదు.

మరో మాట. మన రక్తంలో కాల్సిట్రయాల్ సుమారు 50–150 పికోమోలార్ (నానోమోలార్‌లో వెయ్యో వంతు పికోమోలార్). ప్లేటులో వేసే 100 నానోమోలార్ దానికి దాదాపు వెయ్యి రెట్లు. కాబట్టి ప్లేటులో కణాలు బతికాయని ఇంట్లో ఎవరూ 60 వేల యూనిట్ల పొట్లాలు అదనంగా మింగొద్దు, కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. 25,871 మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐదేళ్లకు పైగా చూసిన అమెరికా పరిశోధన వైటల్‌లో కూడా పక్షవాతం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇంటర్వ్యూలో ‘ఇది మందు అవుతుందా’ అని అడిగితే, ఈ రెండు సంగతులు చెప్పే పిల్లకు విలువ ఎక్కువ.

35 వేలకు బదులు ఏముంది? మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు, ఉప్పల్ దారిలోని సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి నేరుగా మెయిల్ రాయొచ్చు. పదిమందికి రాస్తే ఒకరిద్దరు జవాబిస్తారు, దానికే నిరాశ పడకూడదు. ఎక్కడా కుదరకపోతే ఊళ్లోనే ఉండి కంప్యూటర్ మీద చేసే దారి ఉంది. హైపాక్సియాలో కణాల జన్యువులు ఎలా మారాయన్న డేటా జియోలో (సిమ్ జియో కాదు, అమెరికా ఎన్‌సీబీఐ వాళ్ల జన్యు భాండాగారం) ఉచితంగా దొరుకుతుంది. ఆర్ (R) అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, విటమిన్ డి గ్రాహకం నడిపే జన్యువులు అందులో ఏమయ్యాయో చూడొచ్చు. కోబాల్ట్ ప్రాజెక్టు కన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

ఉద్యోగం సంగతి. ‘విటమిన్ డి ప్రాజెక్టు’ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కలుషితం కాకుండా కణాలు పెంచడం వస్తే శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో దానికి గిరాకీ ఉంది. కోవాగ్జిన్ వైరస్‌ను పెంచింది కూడా ఇలాంటి సెల్ కల్చర్‌లోనే, వీరో అనే కోతి కిడ్నీ కణాల్లో. పరిశోధనే కావాలంటే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో లైఫ్ సైన్సెస్ పేపర్ రాయాలి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు, జనరల్ వాళ్లకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు ఉండాలి. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె వేరు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెట్టే ఫెలోషిప్ పరీక్షలు కూడా రాయమనండి. పీహెచ్‌డీకి ఐదేళ్లు పడుతుంది. ఆ ఐదేళ్లు ఇంటికి పెద్దగా డబ్బు పంపలేదు, మీ మీద ఆధారపడదు కూడా. ఆక్సిజన్ కొరత మీదే మనసుంటే ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వారి డిపాస్ అనే ల్యాబ్ ఉంది, ఎత్తయిన కొండల మీద సైనికుల శరీరాల్లో జరిగే మార్పుల మీద అక్కడ పనిచేస్తారు.

మెయిల్ ఇంగ్లిష్‌లో పది వరుసలు మించకుండా ఉండాలి: ఆ శాస్త్రవేత్త ఈ మధ్య రాసిన పేపర్ ఒకటి చదివి అందులో తనకు వచ్చిన ఒక ప్రశ్న, తనకు చేతనైన పద్ధతులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలదో. ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఒకే మెయిల్ యాభై మందికి పంపితే చూడకుండానే తీసేస్తారు.