టెక్ సందేహాలు: బీరువాలోంచి బయటికొచ్చిన డిజిటల్ కెమెరా

పాత పెళ్లి ఆల్బమ్‌ల పక్కన ఏళ్ల తరబడి పడున్న చిన్న డిజిటల్ కెమెరాలకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. కాలేజీ పిల్లలకు ఫోన్ ఫొటోలు మొహం మొత్తాయి. నాన్న 2008లోనో 2010లోనో కొన్న ‘డిజిక్యామ్’ కావాలంటున్నారు. దాంతో ఎప్పుడో ఆగిపోయిన ప్రశ్నలు మళ్లీ వరస కట్టాయి. ఈ వారం అన్నీ వాటికే. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. కెమెరా మొరాయిస్తే ముందు బ్యాటరీని అనుమానించండి, తర్వాత మెమరీ కార్డును, ఆ తర్వాత సెట్టింగులను. కెమెరా వంతు ఆఖర్న.

బీచ్‌కి తీసుకెళ్లి వచ్చాక కెమెరా ఆన్ చేస్తే లెన్స్ సగం బయటికొచ్చి ఆగిపోయింది. ‘లెన్స్ ఎర్రర్’ అని చూపించి, కీచుమని శబ్దం చేసి ఆఫ్ అయిపోతోంది. షాపతను ఇక పనికిరాదంటున్నాడు. నిజమేనా సార్?
– ఓ పాఠకురాలు, కాకినాడ

ఇసుక పనే అయ్యుంటుంది. అప్పుడే ఆశ వదులుకోకండి.

బయటికొచ్చే లెన్స్ ఒకే గొట్టం కాదు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే రెండు మూడు గొట్టాలు ఉంటాయి. వాటిని కదిలించేది చిన్న మోటారు, బుల్లి పళ్ల చక్రాలు. ఆన్ చేయగానే లెన్స్ తన చోటికి చేరిందో లేదో కెమెరా సరిచూసుకుంటుంది. చేరకపోతే ఇంకా తోస్తే ఏదో ఒకటి విరుగుతుందని అక్కడితో ఆపేసి ఎర్రర్ చూపిస్తుంది. గొట్టాల మధ్య సందు చాలా సన్నం. ఒక్క ఇసుక రేణువు చాలు. కంపెనీని బట్టి మాట మారుతుంది. పాత కెనాన్ మోడళ్లలో ‘ఈ18’ అని వచ్చేది, సోనీలో ‘పవర్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి’ అని వస్తుంది. రోగం మాత్రం ఒకటే.

ముందుగా బ్యాటరీ. లెన్స్‌ను బయటికి నెట్టే ఆ ఒక్క క్షణంలో బ్యాటరీ మీద భారం ఎక్కువ. పాతబడిన బ్యాటరీ తెర మీద నిండుగా కనిపించినా అప్పుడు చతికిలబడుతుంది. లెన్స్ సగంలో ఆగుతుంది. కాబట్టి బ్యాటరీ, కార్డు రెండూ తీసేసి అరగంట పక్కన పెట్టండి. బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి, కార్డు లేకుండా ఆన్ చేయండి. వీలైతే అదే రకం బ్యాటరీ ఇంకొకటి ఎవరి దగ్గరైనా అడిగి పెట్టి చూడండి.

అప్పటికీ కదలకపోతే ఇసుక సంగతి చూడాలి. లెన్స్ నేలవైపు చూసేలా పట్టుకుని, రబ్బరు బంతిలా ఉండే బ్లోయర్‌తో గొట్టం చుట్టూ ఉన్న సందులోకి గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, తేమ వెళ్తుంది. తర్వాత పల్చటి గట్టి కాగితం ముక్క తీసుకుని, ఆ సందులో అంచు మాత్రమే పెట్టి చుట్టూ మెల్లగా తిప్పండి. మధ్యమధ్యలో కాగితం అంచు చూడండి. మీ బీచ్ ఇసుక అక్కడ కనిపిస్తే దారిలో ఉన్నట్టే. మళ్లీ గాలి కొట్టి, లెన్స్ కిందికే ఉంచి ఆన్ చేయండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే కదిలేవి చాలానే ఉంటాయి. నూనె, తుప్పు వదిలించే స్ప్రే, కటింగ్ ప్లేయర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. నూనె చుక్క లోపలి అద్దం మీదికి పాకిందంటే ఇక అంతే.

కింద పడి గొట్టం ఒకవైపు వంగిపోతే ఇవేవీ పనిచేయవు. సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా లెన్స్ యూనిట్ మొత్తం మారుస్తారు. ముందు అంచనా అడగండి. అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో అంతకంటే తక్కువకు దొరికితే రిపేర్ దండగ. ఈలోగా కార్డులోని ఫొటోల గురించి టెన్షన్ వద్దు, కార్డు తీసి కంప్యూటర్‌కు తగిలించే కార్డు రీడర్‌లో పెడితే వచ్చేస్తాయి.

64 జీబీ కార్డు కొన్నాను. ఫోన్‌లో పనిచేస్తోంది. మా నాన్నగారి 2006 నాటి కెమెరాలో పెడితే ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది.
– ఓ పాఠకుడు, కరీంనగర్

తప్పు కెమెరాది కాదు, కార్డుదీ కాదు. ఆ రెండూ వేర్వేరు కాలాలవి. బయటికి ఒకేలా కనిపించే ఎస్‌డీ కార్డుల్లో ప్రధానంగా మూడు తరాలున్నాయి. 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ. 2006లో వచ్చినవి ఎస్‌డీహెచ్‌సీ, ఇవి 32 జీబీ వరకు. 2009లో ప్రకటించిన ఎస్‌డీఎక్స్‌సీ 32 జీబీ దాటినవి, మీ 64 జీబీ కార్డు ఈ రకమే. కొత్త కెమెరా పాత కార్డును చదువుతుంది, పాత కెమెరా కొత్త కార్డును చదవలేదు. కార్డు పెట్టే చోట మూత మీదో, కెమెరా అడుగునో ఏ గుర్తు ఉందో చూడండి. ఒట్టి ‘ఎస్‌డీ’ అని ఉంటే 2 జీబీ మించి వద్దు, ‘హెచ్‌సీ’ ఉంటే 32 వరకు నిశ్చింతగా కొనొచ్చు. ఆ కెమెరాకు 2 జీబీ తక్కువేమీ కాదు. 6 మెగాపిక్సెల్ ఫొటో ఒక్కోటి దాదాపు రెండు మూడు ఎంబీయే, అంటే వందల ఫొటోలు పడతాయి. పాత ఒలింపస్, ఫుజీ కెమెరాల్లో కొన్నిటికి ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీలకు మెమరీ స్టిక్‌లు కావాలి. అలాంటి కెమెరా కొనేముందు కార్డు చేతిలో ఉందో లేదో చూసుకోండి.

కార్డు పెట్టాక ఫార్మాట్, అంటే కార్డును ఖాళీ చేసి సిద్ధం చేయడం, ఎప్పుడూ కెమెరాలోనే చేయండి, కంప్యూటర్లో కాదు.

మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు ప్రింట్ వేయించడానికి కార్డు షాపులో ఇచ్చాం. ఇంటికొచ్చి కెమెరాలో పెడితే ‘ఫొటోలు లేవు’ అంటోంది. కంప్యూటర్లో పెడితే ఒక్క షార్ట్‌కట్ కనిపిస్తోంది. వాటికి వేరే కాపీ లేదు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఓ పాఠకుడు, నిజామాబాద్

ముందుగా ఒకటి. ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయొద్దు. ‘ఫార్మాట్ చేయాలా?’ అని కెమెరా అడిగినా ఒప్పుకోవద్దు. ఆ షార్ట్‌కట్ మీద క్లిక్ చేయొద్దు, అది వైరస్ పని.

కార్డును రీడర్‌లో పెట్టి, కంప్యూటర్లో దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. లోపల ఏమీ కనిపించకపోయినా ‘వాడిన స్థలం’ దండిగా చూపిస్తుంటే ఊపిరి పీల్చుకోండి, ఫొటోలు ఎక్కడికీ పోలేదు. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్లలో తిరిగే ఈ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి స్థానంలో షార్ట్‌కట్ పెడుతుంది. విండోస్‌లో ఫోల్డర్ ఆప్షన్స్ తెరిచి ‘హిడెన్ ఫైల్స్ చూపించు’ ఎంచుకోండి. దాని కింద ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచు’ అన్న చోట టిక్ తీసేయండి. చాలామంది ఈ రెండోది మరిచిపోయి ఫొటోలు పోయాయనుకుంటారు. కెమెరా ఫొటోలు దాచే ‘డీసీఐఎం’ ఫోల్డర్ మసగ్గా కనిపిస్తుంది. అందులోని ఫొటోలు మాత్రమే కంప్యూటర్లోకి కాపీ చేసి, యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, తర్వాత కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి.

వాడిన స్థలం సున్నాకు దగ్గరగా ఉంటే ఎవరో డిలీటో, ఫార్మాటో చేసినట్టు. అప్పుడు కూడా దారి ఉంది. డిలీట్ అంటే ఫొటోను చెరిపేయడం కాదు. ఇక్కడ మళ్లీ రాసుకోవచ్చని కార్డు పట్టికలో గుర్తు పెట్టడం. కొత్త ఫొటో వచ్చి దానిమీద కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఇంకేమీ తీయొద్దన్నది అందుకే. ‘ఫొటోరెక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చూడ్డానికి పాతకాలం నల్లతెర, పనితనం గట్టిది. నల్లతెర అంటే భయమైతే ‘రెకూవా’ వాడండి. కెమెరాను కేబుల్‌తో కలిపితే చాలా మోడళ్లు ఈ సాఫ్ట్‌వేర్లకు డ్రైవ్‌లా కనిపించవు, కార్డు రీడర్ తప్పనిసరి. దొరికిన ఫొటోలను అదే కార్డులో సేవ్ చేయొద్దు, కంప్యూటర్లోకి తీసుకోండి. ఫొటోరెక్‌లో ఫైళ్ల పాత పేర్లు పోతాయి, అంకెలతో కొత్త పేర్లు వస్తాయి. కంగారు పడకండి, తీసిన తేదీ ఫొటో లోపలే భద్రంగా ఉంటుంది.

ఇక ముందెప్పుడైనా కార్డు బయట ఇవ్వాల్సి వస్తే, కార్డు అంచున ఉండే చిన్న లాక్‌ను కిందికి జరిపి ఇవ్వండి. మామూలు రీడర్లలో అది ఉండగా కార్డు మీద ఎవరూ రాయలేరు, చెరపలేరు. ఫొటోలు చదవడానికి అడ్డు ఉండదు. ఇంటికొచ్చాక లాక్ తీయడం మరిచిపోయి ‘కార్డ్ లాక్డ్ అంటోంది, పాడైందా’ అని నాకు ఉత్తరం రాయకండి. వారానికొకటైనా వస్తోంది.

ఊళ్లో జాతరకు వెళ్లి రాత్రి ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో తెల్లటి గుండ్రటి బింబాలు తేలుతున్నాయి. మా అమ్మమ్మ అవి ఆత్మలంటోంది. లెన్స్ పాడైందా?
– ఓ విద్యార్థిని, నల్లగొండ

అమ్మమ్మగారికి నా నమస్కారాలు. అవి దుమ్ము కణాలు. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. లెన్స్ ముందు జానెడు దూరంలో గాలిలో తేలే దుమ్ము మీద ఆ వెలుగు పడి నేరుగా వెనక్కి వస్తుంది. అంత దగ్గరివి ఫోకస్‌లో ఉండవు కాబట్టి ఉబ్బి గుండ్రంగా కనిపిస్తాయి. జాతరలో దుమ్ముకు కొదవేముంది! వానజల్లులో తీసినా ఇంతే. ఫ్లాష్ ఆపి, వెలుతురున్న చోట తీస్తే మాయమైపోతాయి.

ఒకవేళ మచ్చ ప్రతి ఫొటోలోనూ సరిగ్గా ఒకేచోట, పగలు ఆకాశాన్ని జూమ్ చేసి తీసినప్పుడు నల్లగా కనిపిస్తే అది లెన్స్ వెనక ఫొటోను పట్టే సెన్సర్ మీద చేరిన దుమ్ము. దాన్ని తుడవాలంటే కెమెరా విప్పాలి. వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ఫ్లాష్‌కు కరెంటు ఇచ్చే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అది వెంటనే తగ్గదు, చెయ్యి తగిలితే గట్టి షాక్ కొడుతుంది.

ఇంట్లో తీస్తే అన్నీ మసకే. ఫోన్‌లో ఇంతకంటే బాగా వస్తాయి కదా!
– ఓ విద్యార్థి, అనంతపురం

వస్తాయి మరి. మీరు ఒక్కసారి నొక్కితే ఫోన్ వరసగా చాలా ఫొటోలు తీసి కలిపేస్తుంది. ఈ కెమెరా తీసేది ఒక్కటే. అందుకే దానికి కాస్త టైమివ్వాలి.

షట్టర్ బటన్ సగం దాకా నొక్కి ఆపండి. వేలికి చిన్న అడ్డు తెలుస్తుంది. లెన్స్ లోపల సన్నటి గుర్రుమన్న చప్పుడు, ‘బీప్’, తెర మీద ఆకుపచ్చ చదరం. అప్పుడు వేలు తీయకుండా మిగతా సగం నొక్కండి. ఫోన్ అలవాటైన చేతులు బటన్‌ను ఒక్క దెబ్బన నొక్కేస్తాయి, ఫోకస్ అయ్యేలోపే ఫొటో పడిపోతుంది. మసక ఫొటోల్లో సగానికి ఇదే కారణం. చదరం ఆకుపచ్చగా మారకుండా పసుపు రంగులో మెరుస్తుంటే ఫోకస్ కాలేదని అర్థం. పువ్వు గుర్తు, అంటే బాగా దగ్గరి వస్తువులు తీసే మాక్రో, ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే దూరంగా ఉన్నవాళ్లు ఎప్పటికీ సరిగ్గా రారు.

చెయ్యి వణుకుతున్న బొమ్మ తెర మీద వస్తే వెలుతురు చాలడం లేదని కెమెరా చెబుతున్నట్టు. మోచేతులు ఒంటికి ఆనించండి, జూమ్ పూర్తిగా వెనక్కి తీయండి, నడిచి దగ్గరికి వెళ్లండి. ఇలాంటి కెమెరాల ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి వెలగదు, జూమ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఫంక్షన్ హాల్లో వెనక కుర్చీలోంచి స్టేజీ మీది పెళ్లికూతుర్ని ఫ్లాష్‌తో తీస్తే ముందు వరసవాళ్ల తలలు మాత్రమే తెల్లగా వస్తాయి. ఫొటోలన్నీ నీలంగానో చీకటిగానో వస్తుంటే ఎవరో రంగులు, వెలుతురు సరిచేసే వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సెట్టింగులు మార్చారు. మెనూలో ‘రీసెట్ ఆల్’ నొక్కండి, వెతుక్కునే పని ఉండదు.

ఆన్ చేసినప్పుడల్లా తేదీ, సమయం పెట్టమంటోంది.
– ఓ పాఠకుడు, గుంటూరు

గడియారం కోసం లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచే అది చార్జ్ అవుతుంది. ఏళ్లపాటు ఖాళీగా ఉంటే అదీ ఖాళీ అవుతుంది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీని పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే కెనాన్ ‘ఏ’ సిరీస్‌లో కొన్నిటికి విడిగా సీఆర్1220 అనే బటన్ సెల్ ఉంటుంది, అది మారిస్తే చాలు. తేదీ పెట్టకుండా వాడితే ఫొటోలన్నీ తప్పు తేదీలతో ఫోన్ గ్యాలరీలో ఎక్కడో అడుగుకు చేరతాయి.

ఇండియాలో ఉన్న మా చెల్లి నా పాత కెమెరా అడిగింది, వచ్చే నెల ఇండియా వస్తూ తెద్దామనుకుంటున్నాను. బ్యాటరీ కొంచెం ఉబ్బింది, మూత బిగుతుగా పడుతోంది. చార్జర్ అమెరికాది. ఇండియాలో పనిచేస్తుందా?
– ఓ పాఠకుడు, డాలస్

చార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100–240’ అని ఉంటుంది, చూడండి. ఉంటే మన 230 వోల్టులకు ఢోకా లేదు, ప్లగ్ పిన్నులకు ఓ చిన్న అడాప్టర్ చాలు. బ్యాటరీ విషయం వేరు. ఉబ్బినదాన్ని ఇక చార్జ్ చేయొద్దు, విమానంలో తేవద్దు. అక్కడే రీసైక్లింగ్‌కు ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి. దాని మీద ఉన్న మోడల్ నంబరు, ఎన్‌బీ-11ఎల్ లాంటిది, రాసుకుని అదే నంబరుతో కొత్తది కొనండి. కంపెనీది దొరక్కపోతే పేరున్న ఇతర తయారీదారులవి ఫర్వాలేదు. ఎంత చార్జ్ పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకె అసలుదానికంటే రెట్టింపు రాసి, సగం ధరకు ఇచ్చేవాటిని నమ్మకండి. అంత చిన్న డబ్బీలో అంత చార్జ్ పట్టదు. విడిగా తెచ్చే బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే ఎయిర్‌పోర్టులో తీయిస్తారు. రాగి పలకలు కనిపించే చోట టేపు అంటించి, చేతి బ్యాగులో పెట్టుకోండి.