ఆటోమేటిక్ పికప్ గేర్ మారేటప్పుడు తంతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

కందుకూరు నుంచి ఒక అన్న అడిగిన సంగతి ఇది. 6 గేర్ల ఆటోమేటిక్ డీజిల్ పికప్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే బాగానే ఉంటుంది. అరగంట నడిచి వేడెక్కాక 2 నుంచి 3కి మారేటప్పుడు వెనక నుంచి తన్నినట్టు కుదుపు, 60–70 వేగంలో సన్నటి వణుకు. సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారట. మార్చాలా, అమ్మేయాలా అని అడుగుతున్నారు.

అన్నా, ఇప్పుడే ఆ రెండూ చేయకండి. మీరు రాసింది చదువుతుంటే నా బండి గురించే రాసినట్టుంది, అందుకే వివరంగా చెప్తున్నా.

మాది అల్లూరు వైపు, రొయ్యల గుంటలు. మేత బస్తాలు, ఏరేటర్ సామాను, పట్టుబడి రోజుల్లో మనుషులు, అన్నిటికీ ఈ బండే. వాన పడితే గట్ల మీద మామూలు కారు పోదు కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ తీసుకున్నా, ఎడమ మోకాలు నొప్పి వల్ల క్లచ్ తొక్కే పని లేకుండా ఆటోమేటిక్ తీసుకున్నా. 65 వేల దాకా ఒక్క మాట అనడానికి లేదు. ఆ తర్వాత మొదలైంది. ఒక రాత్రి కొత్తపట్నం వైపు హేచరీ నుంచి సీడ్ (రొయ్య పిల్లలు) వేసుకుని వస్తున్నా, టంగుటూరు టోల్ దాటాక గేర్ మారినప్పుడల్లా కుదుపు. ఆక్సిజన్ పట్టిన సంచుల్లో పిల్లలు ఎలా ఉన్నాయో అని కావలి దాకా ప్రతి పది కిలోమీటర్లకు ఆపి చూసుకుంటూ వచ్చాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి పావుగంటలో తేల్చేశారు, గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి, 4 లక్షల దాకా అవుతుందని. ఒక పంట లాభం పోయినట్టే. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అప్పుడు తెలిసినవాళ్లు నెల్లూరు ఆటోనగర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పే ఒక పెద్దాయన దగ్గరికి పంపించారు. ఆయన బండి కిందకి కూడా చూడలేదు. "ఎప్పుడు తంతుంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? గేర్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? లోడు ఉంటేనా, లేకపోయినా?" అని అడిగారు. నేను ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయా. "పది రోజులు నోట్‌బుక్‌లో రాసుకుని రా, అప్పుడు చూద్దాం" అన్నారు.

ఆ పది రోజుల రాతే నాకు లక్షలు మిగిల్చింది. ఒకటే జబ్బు అనుకున్నది రాసి చూస్తే మూడు వేర్వేరు జబ్బులు.

మొదటిది, బండి ఆగేటప్పుడు, ఆగి కదిలేటప్పుడు కింద నుంచి వచ్చే "టక్" శబ్దం. దానికీ గేర్‌బాక్స్‌కీ సంబంధమే లేదు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడుగాటి రాడ్డు, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, జారే చోట గ్రీజు ఎండిపోయింది, దాని క్రాస్‌లలో (షాఫ్ట్ మడిగే కీళ్లు) ఒకటి కాస్త లూజు. ఉప్పునీటి గట్ల మీద తిరిగే బండికి ఇది తొందరగా వస్తుంది. క్రాస్ మార్చి గ్రీజు కొట్టగానే పోయింది. పికప్‌లలో షాఫ్ట్ పొడుగు, ఈ శబ్దం అచ్చం గేర్‌బాక్స్ తన్నినట్టే ఉంటుంది, చాలామంది అక్కడే మోసపోతారు.

రెండోది మీరు రాసిన వణుకు. నాకు రాజుపాలెం దగ్గర హైవే ఎక్కాక, పైగేర్లలో యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కి నడుపుతున్నప్పుడే వచ్చేది, రోడ్డు మీద గీతలు గీసిన చోట పోయినట్టు. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒకటి ఉంటుంది, మామూలుగా ఆయిల్ ద్వారానే శక్తి అందిస్తుంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు డీజిల్ వృథా కాకుండా లోపల ఒక క్లచ్ పట్టుకుని రెండింటినీ కలిపేస్తుంది, దాన్నే లాకప్ అంటారు. ఆయిల్ పాతదైతే ఆ క్లచ్ నున్నగా పట్టుకోదు, పట్టీ పట్టక వణుకుతుంది. కనుక్కోవడం తేలిక. వెనక బండ్లు లేని ఖాళీ రోడ్డు మీద, వణుకు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని వెనక బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలో ఆగితే అది లాకప్‌దే. ఆగకపోతే టైర్ బ్యాలెన్సింగో, షాఫ్టో చూపించాలి.

మూడోది వేడెక్కాక 2–3 మధ్య తన్ను. ఆటోమేటిక్‌లో గేర్ మారడమంటే ఒక క్లచ్ వదులుతుండగా ఇంకోటి పట్టుకోవాలి, అదంతా ఒక సెకను లోపే జరిగిపోవాలి. పట్టించేది ఆయిల్ ప్రెషర్, ఆ ప్రెషర్‌ని నడిపేవి వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని దారులకు పంచే భాగం) ఉండే సోలనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు, వాటికి చెప్పేది బండి కంప్యూటర్. ఆయిల్ పాతబడి, వేడికి పలచబడి, పైగా తగ్గి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. నా ఆయిల్ తీసి చూపించారు, ఎర్రగా ఉండాల్సింది డికాషన్‌లా నల్లబడింది, మాడిన వాసన. ఇది "లైఫ్‌టైమ్ ఆయిల్", మార్చక్కర్లేదు అని కొన్నప్పుడు చెప్పారు. లోడు వేసుకుని, దుమ్ములో, రోహిణి కార్తె ఎండలో తిరిగే బండికి ఆ మాట వర్తించదు. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం తీసి కఠినమైన వాడకం అని రాసిన చోట చదవండి, మన వాడకం అదే. నేనైతే ఇప్పుడు 50 వేలకు ఒకసారి మార్పిస్తున్నా.

మార్చే పద్ధతి జాగ్రత్తగా చూసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం ఆయిల్ రాదు, టార్క్ కన్వర్టర్‌లోనూ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌లోనూ చాలా మిగిలిపోతుంది. అందుకే పెద్దాయన ఒకసారి వంచి కొత్తది పోసి, 400 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ వంచి, అలా మూడుసార్లు చేశారు. మెషీన్ పెట్టి ఒత్తిడితో కడగడానికి ఆయన ఒప్పుకోలేదు, ఇంత పాత ఆయిల్‌తో నడిచిన బాక్సులో ఒక్కసారిగా మురికి లేపొద్దన్నారు. అది నాకూ సబబే అనిపించింది. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉండదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర లెవెల్ ప్లగ్ విప్పి చూడాలి. ఉరామరిగా ఇన్ని లీటర్లు అని పోసేవాళ్ల దగ్గర చేయించొద్దు. ఆయిల్ కూడా మాన్యువల్లో రాసిన రకమే పోయాలి, అన్నిటికీ పనికొస్తుందని డబ్బా మీద రాసినంత మాత్రాన పోయించుకోకండి.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అదే పాన్, దించినప్పుడు దగ్గరుండి లోపల అయస్కాంతాలు చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే మామూలు అరుగుదలే. మెరిసే ముక్కలు, రేకుల్లాంటివి కనిపిస్తే మాత్రం లోపల ఏదో తినేస్తోందని అర్థం. నాకు పేస్టే వచ్చింది, ఆ రోజు సగం భారం దిగిపోయింది.

ఆయిల్ అంత తొందరగా ఎందుకు మాడిందో కూడా కనుక్కున్నాం. ముందు రేడియేటర్ రెక్కల్లో గట్టు మట్టి గట్టిపడి, గాలి పోయే దారే లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేదీ అక్కడే. మట్టి నానబెట్టి తక్కువ ప్రెషర్‌తో కడగాలి, ఎక్కువ ప్రెషర్ కొడితే రెక్కలు వంగిపోతాయి. నేను ఇప్పుడు నెలకోసారి కడిగిస్తున్నా.

ఇదంతా అయ్యాక కంప్యూటర్‌లో పాత అలవాటు చెరిపేయించారు. కంప్యూటర్ అరిగిన క్లచ్‌లకూ పాత ఆయిల్‌కూ తగ్గట్టు ప్రెషర్ సర్దుకుని ఉంటుంది, కొత్త ఆయిల్ పోశాక కూడా ఆ పాత లెక్కే నడిస్తే కుదుపు పోదు. చెరిపాక మొదటి రెండు మూడు రోజులు గేర్లు కాస్త వింతగానే మారతాయి, కంగారు పడకుండా అన్ని రకాల వేగాల్లో నెమ్మదిగా నడపండి. నాకు వణుకు పూర్తిగా పోయింది, తన్ను చాలావరకు తగ్గింది.

చాలావరకు అని ఎందుకన్నానంటే, కార్తీకం వానల్లో మళ్లీ వచ్చింది, ఈసారి ఒకే గేర్‌లో ఇరుక్కుని కదలనంది, డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలిగింది. ఆపి, ఇంజిన్ కట్టేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోయేది. ఇది పట్టుకోవడానికి వారం పట్టింది. బాడీకి బిగించే ఎర్త్ వైరు చివర ఉప్పుగాలికి పచ్చగా తుప్పు పట్టింది, గేర్‌బాక్స్ కనెక్టర్ పిన్నుల్లోనూ అదే. పైగా బ్యాటరీ ఐదేళ్లది. కరెంటు సరిగ్గా అందకపోతే సోలనాయిడ్లు తిక్కతిక్కగా పనిచేస్తాయి, కంప్యూటర్ భయపడి ఒకే గేర్‌లో పెట్టేస్తుంది. పిన్నులు శుభ్రం చేసి, ఎర్త్ వైరు, బ్యాటరీ మార్చాక ఇప్పటికి 30 వేల కిలోమీటర్లు తిరిగా, మళ్లీ రాలేదు. మీరు కందుకూరు అంటున్నారు కాబట్టి సముద్రం వైపు ఎక్కువ తిరిగితే ఇది ముందే చూపించండి, దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ.

నడిపే తీరులో నేను మార్చుకున్నవి కొన్ని చెప్తా. బురదలో దిగబడితే రివర్స్, డ్రైవ్, రివర్స్, డ్రైవ్ అని ఊపడం పూర్తిగా మానేశా, ఆయిల్ నిమిషాల్లో కాగిపోతుంది. ముందే 4L (ఫోర్ లో, నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే మోడ్) పెట్టుకుని నిదానంగా పోతా. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 5, 6 మధ్య ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో 4కి దించేస్తా. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు 2, 3లోనే ఉంచుతా, బ్రేకులూ కాగవు. వాలులో ఆపితే ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాతే పార్క్‌లో పెట్టడం. బండి పూర్తిగా ఆగకుండా రివర్స్ నుంచి డ్రైవ్‌కి మార్చను. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి, ఇంజిన్ ఆగి ఉంటే బాక్సులో పంపు తిరగదు, ఆయిల్ అందక లోపలివి కాలిపోతాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే బండి పిలిపించుకోండి.

కొన్ని జబ్బులు కావు, దాని స్వభావం. తెల్లవారుజామున మొదటి కిలోమీటరు గేర్లు ఆలస్యంగా మారడం, ఒక్కసారిగా తొక్కితే ఒక సెకను ఆలోచించి కింది గేర్‌కి దిగడం, వీటి వెంట పడి డబ్బు పోగొట్టుకోకండి.

ఇంజిన్ రేస్ పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే, రివర్స్ పట్టకపోతే, పాన్‌లో లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం నడపడం ఆపేయండి, అది లోపల విప్పాల్సిన పనే. అప్పుడు కూడా అసెంబ్లీ మొత్తం మార్చాలా, వాల్వ్ బాడీతోనో క్లచ్ ప్లేట్లతోనో పోతుందా అని ఆటోమేటిక్ విప్పడం తెలిసినవాళ్లను అడిగాకే ఒప్పుకోండి.

ఈ వారం మూడు పనులు చేయండి: నోట్‌బుక్‌లో రాయడం, బ్రేక్ తాకే పరీక్ష, షాఫ్ట్ క్రాస్ చూపించడం. సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌లో వచ్చిన కోడ్ నంబర్లు ఇవ్వమనండి, అడిగితే ఇస్తారు. అవీ, ఆయిల్ ఏ రంగులో ఉందో కూడా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.