పచ్చ అంటే ఏ పచ్చ?

సందేహం: మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇంట్లోనే ప్రింట్ తీస్తుంటే మొహాలన్నీ పచ్చగా వస్తున్నాయి. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్‌లో చెబితే "మెజెంటా కొంచెం పెంచు అత్తా" అన్నాడు. పెంచితే అందరూ ఎండకు కందినట్టు ఎర్రబడ్డారు. పచ్చ అంటే గ్రీన్ అనుకున్నాడట! నేనన్నది పసుపు. ఎవరి తెలుగు సరైనది? ఈ జబ్బును 'కలర్ కాస్ట్' అంటారట. దానికి తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్

సమాధానం: ఇద్దరిదీ సరైనదే. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. పచ్చని చేను, పచ్చజెండా, ఉంగరంలో పచ్చరాయి అన్నప్పుడు మీ మేనల్లుడు చెప్పిన రంగు. పచ్చకామెర్లు, 'పాత పుస్తకం పచ్చబడింది', 'పచ్చని మేనిఛాయ' అన్నప్పుడు మీ రంగు. పక్కనున్న మాటను బట్టి మనకు తెలిసిపోతుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ప్రింటర్‌కు ఆ సందర్భజ్ఞానం లేదు కదా.

పచ్చ, పచ్చి, పచ్చిక, పసరు, పసుపు, పసిడి, పసి (పసిపిల్లలోని పసి) అన్నీ చుట్టాలే. వీటి మూలంలో రంగుతో పాటు లేతదనం, తాజాదనం కూడా ఉన్నాయి. లేతాకు కాస్త ఆకుపచ్చ, కాస్త పసుపు. మన మాట ఆ రెంటినీ విడదీయకుండా అట్టే పెట్టుకుంది. అదే మూలం నుంచి వచ్చిన తమిళ పచ్చై, కన్నడ హసిరు మాత్రం ఆకుపచ్చ వైపే స్థిరపడ్డాయి. మీ మేనల్లుడు బెంగళూరులో రోజూ వినేది హసిరే! తెలుగులో విడదీయాల్సి వచ్చినప్పుడు ముందు ఒక మాట తగిలించి ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అంటున్నాం. బద్ధకించి ఆ తగిలింపు వదిలేస్తేనే తంటా.

ఓసారి ఇంకు కొనడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్ళి, మా ఫొటోలు పచ్చగా వస్తున్నాయని నేనూ ఇలాగే మొరపెట్టుకున్నాను. కౌంటర్ వెనక కుర్రాడు తలెత్తకుండానే "హరా, యా పీలా?" (ఆకుపచ్చా, పసుపా?) అన్నాడు. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, రెండు ఉర్దూ మాటలకు దొరికిపోయాను.

అతను అలా అడగడానికి కారణం ఉంది. ఆకుపచ్చకు విరుగుడు మెజెంటా, అంటే మన చీరల కొట్టువాళ్ళ రాణీ కలర్. ప్రింటర్‌లో మెజెంటా నాజిల్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రం) మూసుకుపోయినా బొమ్మ ఆకుపచ్చగానే వస్తుంది. పసుపుకు విరుగుడు నీలం. పసుపు మీద మెజెంటా పోస్తే వచ్చేది ఎరుపు, మీ చుట్టాలంతా కందిపోయింది అందుకే. పచ్చబడ్డ తెల్లపంచెకు మన ఇళ్ళల్లో నీలిమందు పెట్టేవాళ్ళు గుర్తుందా? మీరు చేయాల్సిందీ అదే: పసుపు కాస్త తగ్గించడం, లేదా నీలం (బ్లూ, ప్రింటర్ ఇంకుల్లోని సయాన్ కాదు) కాస్త పెంచడం.

దానికంటే ముందు ఫొటోలో మొహాలు కాకుండా ఎవరిదైనా తెల్లచొక్కా చూడండి. పెళ్ళికూతురి మొహానికి నలుగు నాటి పసుపు ఉంటే ఆ పాపం ప్రింటర్‌ది కాదు. చొక్కా కూడా పచ్చగా (పసుపుపచ్చగా!) ఉంటేనే జబ్బు. ఆ చూడటం కూడా పగలు, కిటికీ దగ్గర. పసుపు వెలుగునిచ్చే 2700 కెల్విన్ బల్బు కింద తెల్లకాగితమూ పసుపుగానే ఉంటుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెతలో కళ్ళ బదులు బల్బు పెట్టుకోండి. సెట్టింగుల్లో మీరు వేసిన కాగితం రకమే ఎంచుకున్నారా? ఫొటో సాఫ్ట్‌వేరూ ప్రింటరూ రెండూ రంగులు దిద్దుతుంటే ఒక కూరకు ఇద్దరు ఉప్పేసినట్టే, ఒకదాన్ని ఆపేయండి.

ఇక తెలుగు మాట. 'కాస్ట్' అనగానే మనకు తట్టేవి ఖరీదూ కులమూ, కాబట్టి వేరే మాట వెతకడం మంచిదే. 'జీర' అని కొందరు సూచిస్తారు. కానీ కళ్ళలో ఎర్రజీర అంటే గీతలా కనిపించేది, బొమ్మంతా పరుచుకునేది కాదు. ప్రింట్‌లో అడ్డంగా చారలు పడితే ఆ మాట వాడుకోవచ్చు. 'ఛాయ' ఫర్వాలేదు గానీ, మొహాల దగ్గర ఛాయ అంటే చామనఛాయలోకి వెళ్ళిపోతాం. నా ఓటు క్రియాపదానికే. మామిడికాయ రంగు తిరిగింది అంటాం కదా, అలాగే 'ఫొటో పసుపు తిరిగింది', 'ఆకుపచ్చ తిరిగింది'. నామవాచకమే కావాలంటే 'రంగు తిరుగుడు'. కొంచెం మొరటుగా ఉన్నా, విన్నవాడికి వివరించనక్కర్లేదు.

ఈసారి మీ మేనల్లుడికి ఫోన్ చేస్తే 'పసుపు' అనే చెప్పండి. ప్రింట్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే సరిపోతుందనుకోకండి. అతని ఫోన్‌లో నైట్ లైట్ (రాత్రిళ్ళు తెరను పసుపుగా మార్చే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే అతనికి అన్నీ పసుపే.