చరిత్ర పుస్తకానికి సమీక్ష రాసే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్ష చదివాను. భాష బాగుంది, కానీ సగానికి పైగా కథ చెప్పడానికే సరిపోయింది. పుస్తకంలోని మనిషి ఎప్పుడు పుట్టాడు, ఏం సాధించాడు అన్నది అందులో ఎలాగూ ఉంటుంది కదమ్మా. ఈ సంగతులన్నీ రచయితకు ఎలా తెలిశాయి, ఆయన మాట ఎంతవరకు నమ్మొచ్చు అన్నది నువ్వు చెప్పాలి.

అందుకే పుస్తకం చేతికి రాగానే ముందు ఆధారాల జాబితా ఉండే చివరి పేజీలు తిరగెయ్యి. రచయిత ఉత్తరాలు, డైరీలు, కోర్టు రికార్డులు స్వయంగా చూశాడా, పాత పుస్తకాల్లోంచే ఎత్తి రాశాడా అన్నది అక్కడే బయటపడుతుంది. తర్వాత రెండు మూడు చోట్ల పట్టి చూడు. "ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు" అని రాశాడనుకో, ఆ సంగతి ఏ ఉత్తరంలో ఉంది? ఫుట్‌నోట్ లేకపోతే అది ఊహే అయ్యుండొచ్చు. ఊహించే హక్కు రచయితకు ఉంది, కానీ ఆ మాట పాఠకుడికి చెప్పి తీరాలి.

ఆధారం ఉందంటే సరిపోదు, అది అసలుదో కాదో కూడా చూడాలి. 1983లో జర్మనీలో స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటిస్తే, హ్యూ ట్రెవర్-రోపర్ అంతటి చరిత్రకారుడు మొదట అవి నిజమైనవేనన్నాడు. పరీక్ష చేయిస్తే కాగితం యుద్ధం తర్వాత తయారైనదని తేలింది.

జీవితచరిత్ర అయితే ఏ వయసుకు ఎన్ని పేజీలు ఇచ్చాడో కూడా లెక్క చూడు. ఇంగ్లీషు నిఘంటువు రాసిన రచయిత శామ్యూల్ జాన్సన్ 1709లో పుట్టి 1784లో పోయాడు. ఆయన జీవితచరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్ ఆయన్ను కలిసింది 1763లో. 1791లో వచ్చిన ఆ జీవితచరిత్రలో పెద్ద భాగం ఆ చివరి ఇరవై ఏళ్లదే. పుస్తకం గొప్పదే, సందేహం లేదు. అయినా మనకు ఎక్కువగా కనిపించేది యాభై దాటిన జాన్సనే. ఇలాంటిది గమనించి రాస్తే పాఠకుడికి ఎంత మేలో!

కొత్త పుస్తకమైతే ఇంతకుముందు వచ్చినవాటికంటే ఇందులో కొత్తగా ఏముందో తప్పకుండా చెప్పు. 1991లో సోవియట్ యూనియన్ కూలాక అక్కడి పత్రాలు చాలా బయటికొచ్చాయి. ఆ తర్వాత స్టాలిన్ మీద రాసినవాళ్లు వాటిని చూడకపోతే అడగాల్సిందే. ఇంకో మాట, కుటుంబం అనుమతితో రాసిన జీవితచరిత్ర అయితే ఆ సంగతి మొదటి పేరాలోనే పెట్టు.

బాగాలేదని రాయాల్సి వస్తే టెన్షన్ పడకు. పేజీ నంబరు ఇచ్చి, ఆ వాక్యం ఎత్తి చూపించి, నీ అభ్యంతరం చెప్పు. మళ్లీ రాశాక, నువ్వు పట్టి చూసిన ఫుట్‌నోట్ల పేజీలు కూడా పక్కన రాసి నాకు పంపు.

నీ మామయ్య