ఉదయగిరి వీడియోకి మాటల్లేని సంగీతం ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది?

ఉదయగిరి చెక్క గరిటెల మీద వీడియో తీశారు, వెనకాల పాట కాకుండా ఉత్త వాద్య సంగీతం కావాలి, డబ్బులు పెట్టలేరు. ఇదే కదా మీ ప్రశ్న.

ముందు ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ చూడండి. 2009లో అమెరికాలోని డబ్ల్యూఎఫ్ఎంయూ అనే రేడియో స్టేషన్ మొదలుపెట్టింది. ఇన్‌స్ట్రుమెంటల్ అని అందులో విడిగా విభాగమే ఉంది. ఊరికే మ్యూజిక్ అని వెతికితే తేలరు. ఫ్లూట్, గిటార్, యాంబియెంట్ అని కొట్టండి. ఒక ట్రాక్ నచ్చిందా, ఆ కళాకారుడి పేజీ మొత్తం వినండి. నాకు మంచివి ఎక్కువగా దొరికింది అలాగే. జమెండో అని అలాంటి సైటే ఇంకొకటి కూడా ఉంది. కళాకారులు తమ సంగీతం నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కొన్ని ఆల్బమ్‌లకు ధర మనమే వేసుకోవచ్చు, కనీస ధర పెట్టకపోతే సున్నా వేసినా దిగుతాయి.

అయితే ఉచితంగా దిగినంత మాత్రాన వీడియోలో వాడేయొచ్చని కాదు. మైపాడు బీచ్ వీడియో పెట్టినప్పుడు ఇది తెలియక కాపీరైట్ నోటీసు తెచ్చుకున్నాను. ట్రాక్ పక్కనే ఉండే క్రియేటివ్ కామన్స్ గుర్తు చదవండి. తన పాటను ఇతరులు ఎలా వాడుకోవచ్చో కళాకారుడు ముందే చెప్పే లైసెన్స్ అది. బీవై అంటే కళాకారుడి పేరు, లైసెన్స్ వీడియో కింద రాయాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, గరిటెలు అమ్మడానికే వీడియో అయితే అది వదిలేయండి. ఎన్‌డీ ఉంటే అసలు ముట్టుకోవద్దు. దృశ్యాలకు సంగీతం జతచేయడాన్ని కూడా ఆ లైసెన్స్ మార్పు కిందే లెక్కేస్తుంది.

సందేహంగా ఉంటే కళాకారుడికే ఒక మెయిల్ పెట్టి అడగండి.