మెట్రో మెట్లకే ఛాతీ బరువెక్కుతుంటే మంచు కొండకు ప్రయాణమా?

ప్రశ్న: నా వయసు 52. మియాపూర్‌లో ఉంటాం. ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. జనవరి చివర్లో భార్య, కూతురితో కలిసి స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్లాలని ఉంది. గుల్మార్గ్, మనాలీల్లో జనం ఎక్కువ కాబట్టి ప్రశాంతంగా ఉండే ఉత్తరాఖండ్‌లోని ఔలీ గానీ హిమాచల్‌లోని నార్కండా గానీ అనుకుంటున్నాం. రెండింటిలో ఏది మేలు? నాకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఇప్పటినుంచి ఏ వ్యాయామాలు చేయాలి? లేహ్ వెళ్లి వచ్చిన స్నేహితుడు మిగిలిన డయామాక్స్ (ఎత్తైన చోట్ల వచ్చే తలనొప్పి, వికారం రాకుండా వాడేవి) మాత్రలు ఇచ్చాడు. వాటిని ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? చలి అంటే భయం లేదు, ఇక్కడి స్నో వరల్డ్‌లో గంటసేపు హాయిగా గడిపాను. ఈ మధ్య మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు గ్యాస్ పట్టి ఛాతీలో బరువుగా ఉంటోంది. కాసేపు ఆగితే పోతుంది. పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. నెల కిందట చెకప్‌లో ఈసీజీ నార్మల్ వచ్చింది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు చివర్లో, పోతూపోతూ రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. మెట్లు ఎక్కితే ఛాతీలో బరువు, ఆగితే తగ్గడం. దానికి గ్యాస్ అని పేరు కూడా మీరే పెట్టేశారు, మందు కూడా మీరే రాసుకున్నారు. మరి మోకాళ్లకు మాత్రం డాక్టర్‌ను ఎందుకు అడిగినట్టు?

గ్యాస్‌కు సాధారణంగా మెట్లతో పని లేదు. అది తిన్న తర్వాత, పడుకున్నప్పుడు, వంగినప్పుడు ఇబ్బంది పెడుతుంది. శ్రమ చేస్తే వచ్చి, విశ్రాంతి తీసుకుంటే తగ్గే బరువు వేరు. గుండెకు రక్తం అందించే నాళాలు సన్నబడ్డప్పుడు సాధారణంగా కనిపించే తీరు అది. ఎనిమిదేళ్ల షుగర్, బీపీ, 52 ఏళ్ల వయసు కలిసినప్పుడు ముందుగా గుండెనే అనుమానించాలి. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా ఇది గుండె నొప్పేనని నేను చెప్పలేను. కాదని అంతకన్నా చెప్పలేను. షుగర్ ఉన్నవారిలో నొప్పి సూటిగా తెలియకపోవచ్చు. ఆయాసంగానో, దవడ లాగినట్టుగానో, చెయ్యి బరువెక్కినట్టుగానో, మీరు అనుకుంటున్నట్టు అచ్చం గ్యాస్‌లాగానో ఉండవచ్చు.

ఈసీజీ నార్మల్ అన్నారు. ప్రశాంతంగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ అది. మీకు బాధ వచ్చేది మెట్ల మీద. కూర్చున్నప్పుడు గుండెకు చాలినంత రక్తం అందుతూ, ఎక్కేటప్పుడు చాలకపోతే ఆ కాగితంలో ఏమీ కనిపించకపోవచ్చు. ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, సీటీ యాంజియోగ్రామ్‌లలో మీకు ఏది అవసరమో ఆయన నిర్ణయిస్తారు. ఎవరో చెప్పారని నేరుగా ల్యాబ్‌కు వెళ్లి ట్రెడ్‌మిల్ ఎక్కవద్దు, అందరికీ అది సురక్షితం కాదు. ఈలోగా బరువు తరచుగా వస్తున్నా, తక్కువ శ్రమకే వస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు వెళ్లండి. కూర్చుని ఉండగా వచ్చినా, చెమటలు పట్టినా, కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా 108కు ఫోన్ చేయండి. కారు మీరే నడుపుకుంటూ వెళ్లవద్దు. ఆ సమయంలో గ్యాస్ మాత్ర కోసం డబ్బా వెతుకుతూ గడిపే అరగంటే చాలామందికి నష్టం చేస్తుంది.

ఇక స్నో వరల్డ్ సంగతి. మీ ధైర్యం మెచ్చుకోదగ్గదే కానీ లెక్క తప్పింది. అక్కడ చలి ఉంది, ఎత్తు లేదు. అది హుస్సేన్ సాగర్ పక్కన, మన ఊరి ఎత్తులోనే, అంటే సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల పైన ఉంది. ఔలీలో స్కీయింగ్ చేసే వాలు దాదాపు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటుంది. నార్కండా సుమారు 2,700 మీటర్లు. ఆ ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే ముప్పావు వంతు కన్నా కాస్త తక్కువే. దాన్ని సరిపెట్టుకోవడానికి గుండె వేగంగా కొట్టుకోవాలి. పైగా చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది.

స్కీయింగ్ అంటే జారుతూ పోవడమే కదా అనుకుంటారు. కొత్తగా నేర్చుకునేవారు జారే సమయం కన్నా లేచే సమయం ఎక్కువ. బిగుతు బూట్లు, కాళ్లకు పొడవాటి స్కీ పలకలు. పడతారు, పక్కకు దొర్లుతారు, ఊపిరి బిగబట్టి లేస్తారు, మళ్లీ పడతారు. ఆపైన ఆ బరువంతా మోసుకుంటూ మంచులో వాలు ఎక్కాలి. మెట్రో మెట్లు దీని ముందు ఏ మూలకు?

ఔలీనా నార్కండానా అన్నది నన్ను అడగవలసిన ప్రశ్న కాదు. నేను స్కీయింగ్ ఎరగను. వైద్యుడిగా నా చూపు మాత్రం వేరే చోటికి పోతుంది. మీరు కోరుకుంటున్న ప్రశాంతతకు ఇంకో వైపు, పెద్ద ఆసుపత్రి దూరంగా ఉండటం. ఔలీ కింద ఉన్న జోషీమఠ్ నుంచి రిషికేశ్‌లోని ఎయిమ్స్‌కు చేరాలంటే దాదాపు 250 కిలోమీటర్ల కొండదారి, మామూలు రోజునే పగలంతా పడుతుంది. మంచు కురిసినా, కొండచరియ విరిగిపడినా ఇక చెప్పలేం. 2023లో నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వేను ఆపేశారు, కాబట్టి దాన్ని నమ్ముకుని లెక్కలు వేయవద్దు. నార్కండా నుంచి సిమ్లా అరవై కిలోమీటర్ల పైచిలుకు, అక్కడ ఇందిరాగాంధీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. వాలు చిన్నదే అయినా నేర్చుకునేవారికి చాలు. కార్డియాలజిస్టు సరేనన్న తర్వాత నన్ను ఒకటి ఎంచుకోమంటే నార్కండా అంటాను. ఆయన వద్దంటే రెండూ వద్దు.

మీ స్నేహితుడిచ్చిన డయామాక్స్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నా టేబుల్ మీదకు వారానికి ఒకటైనా ఇలాంటి స్ట్రిప్పు వస్తుంది. కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రలు, రేకు మీద పేరులో సగం, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకెవరి ఇంట్లోనో. ‘ఆయనకు బాగా పనిచేసింది డాక్టర్ గారూ’ అంటారు. ఆయన ఎవరు, ఆయన కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఆయన ఇంకేం మందులు వాడతారు అని అడిగితే సమాధానం ఉండదు. విమానంలో లేహ్ వెళ్లేవారు ఒక్క పూటలో 3,500 మీటర్ల ఎత్తున దిగుతారు. మీరు రోడ్డు మీద మెల్లగా ఎక్కుతారు. ఔలీకి వెళ్లేవారు 1,900 మీటర్ల దగ్గరున్న జోషీమఠ్‌లోనో, నార్కండాకు వెళ్లేవారు 2,200 మీటర్ల సిమ్లాలోనో ఒకటి రెండు రాత్రులు ఆగి పైకి వెళ్తే చాలామందికి ఆ మాత్ర అవసరమే రాదు. అది మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుంది, వేళ్లలో తిమ్మిర్లు తెస్తుంది. సల్ఫా మందులతో ఒంటిమీద దద్దుర్లు వచ్చినవారు, కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఎనిమిదేళ్ల షుగర్ తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే మీ క్రియాటినిన్ ఎంతో చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు? ఉత్తరంలో లేదు.

పైకి వెళ్లాక మీ ముగ్గురిలో ఎవరికి తలనొప్పి, వికారం మొదలైనా అది తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లవద్దు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తే, నడక తూలితే, మాట తడబడితే అది రాత్రయినా సరే కిందికి దించి ఆసుపత్రికి చేర్చాలి.

గ్లిమిపిరైడ్ వేసుకుని సగం పరాఠా తిని రోజంతా మంచులో కష్టపడితే షుగర్ పడిపోతుంది. వణుకు, నీరసం, తికమక వస్తాయి. పక్కవారు చలి అనుకుంటారు. అక్కడున్న రోజులకు మోతాదు మార్చాలో లేదో మీ షుగర్ డాక్టర్‌ను ముందే అడగండి, మీరుగా మానేయవద్దు. గ్లూకోమీటర్ చలికి తప్పు చూపించవచ్చు, అందుకని కోటు లోపలి జేబులో ఉంచుకోండి. మరో జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. అరికాళ్లలో మొద్దుబారినట్టు ఉంటే స్కీ బూటు ఒరుసుకుని పుండు పడినా మీకు తెలియదు. రోజూ రాత్రి సాక్సులు తీసి పాదాలు చూసుకోండి. మీకు వంగడం కష్టమైతే మీ ఆవిడను చూడమనండి.

మోకాళ్లకు వస్తాను. గుండె పరీక్షలు ముగిసేదాకా కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టవద్దు, చదునుగా ఉన్నచోట బాధ రానంత మెల్లని నడక చాలు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాలు, పిరుదుల కండరాలు గట్టిపడే వ్యాయామాలు నేర్చుకుని ఆరు నుంచి ఎనిమిది వారాలు చేయండి. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలి లిగమెంటే. పడినప్పుడు బూటు స్కీ పలక నుంచి విడిపోవాలి, ఆ బిగింపును మీ బరువును బట్టి పెడతారు. అక్కడ మొహమాటపడి రెండు కిలోలు తగ్గించి చెప్పవద్దు. పొద్దున్నే ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర మింగి వాలు ఎక్కడం మరీ తప్పు. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతూ, నీళ్లు సరిగా తాగకుండా, పైన పెయిన్ కిల్లర్ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు.

చలికి రెండు పెగ్గులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందని అక్కడ ఎవరో ఒకరు చెబుతారు. చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది, ఒంట్లో వేడి బయటికి పోతుంది. వినవద్దు. నల్ల కళ్లద్దాలు ముగ్గురికీ తప్పనిసరి, కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిప్పి కొడుతుంది.

టికెట్లు, గది రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. కార్డియాలజిస్టు రిపోర్టు, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ పరీక్ష చేతికి వచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు బూట్ల సైజు దాకా మాట్లాడుకుందాం. డయామాక్స్ స్ట్రిప్పు మాత్రం ఇవాళే మీ స్నేహితుడికి తిరిగి ఇచ్చేయండి.