బందరు 38, నల్లగొండ 44: ఏది పెద్ద ఎండ?

ప్రశ్న: సార్, మాది నల్లగొండ పక్కన పల్లెటూరు. బత్తాయి తోట ఉంది. మా బిడ్డా అల్లుడూ బందరులో ఇల్లు కట్టుకున్నారు, మే మూడో వారంలో గృహప్రవేశం. వారం ముందే పోయి పందిరి పనులు, వంటల పనులు చూసుకుంటానని మా ఆయన తయారవుతున్నాడు. ఆయనకు 62 ఏళ్లు, బీపీ గోలీలు వేసుకుంటాడు. కోస్తాకు వేడి, ఉక్కపోత హెచ్చరిక అని టీవీలో చెబితే నవ్వుతున్నాడు. "అక్కడ 38 అంట, మనకు 44. నల్లగొండోనికి 38 కూడా ఒక ఎండనా?" అంటాడు. అల్లుడేమో మామను మధ్యాహ్నం పనికి దిగనివ్వొద్దని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఎవరి మాట వినాలి? నాకు టెన్షన్‌గా ఉంది.
ఒక గృహిణి, నల్లగొండ జిల్లా

జవాబు: అల్లుడి మాటే వినండమ్మా. మీ ఆయనను ఏమీ అనను, ఎందుకంటే ఇరవై ఏళ్ల కింద నేనూ ఇదే మాట అనుకుంటూ ఇదే బందరుకు పోయాను. మా మేనల్లుడి పెళ్లి. నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని, పైగా నల్లగొండవాణ్ని, ఇంకేం కావాలి? పదకొండు గంటలకు భోజనాల దగ్గర విస్తళ్లు వేయించే పని మీదేసుకున్నాను. ఎండలో కూడా కాదు, షామియానా కింద. అరగంటలో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మోచేతుల మీంచి చెమట చుక్కలు చుక్కలుగా కారుతోంది, ఒళ్లు మాత్రం చల్లబడటం లేదు. కళ్లు తిరిగి గుంజకు ఆనుకుంటే పెళ్లికూతురి తరఫు పెద్దావిడ ఒకామె ఉప్పేసిన మజ్జిగ చెంబు చేతిలో పెట్టి, "మీ హైదరాబాదోళ్లు ఇంతే బాబూ" అంది. మాది నల్లగొండ అని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

అసలు సంగతి ఆ సాయంత్రం దండెం మీద కనబడింది. పొద్దున పిండి ఆరేసిన నా లుంగీ చీకటి పడినా పచ్చిగానే ఉంది. మన దగ్గర మే నెలలో లుంగీ ఆరేసి చాయ తాగి వచ్చేలోపు అప్పడంలా ఎండిపోతుంది. లుంగీ సంగతి ఎట్లాగో మనిషి సంగతీ అట్లాగే. చెమట ఆరితేనే ఒంటికి చలవ. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట కారి నేల మీద పడితే వేడి ఒంట్లోనే ఉండిపోతుంది, నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. సముద్రం పక్కన గాలి అప్పటికే తేమను నింపుకొని ఉంటుంది, మీ ఆయన చెమటకు అందులో చోటు దొరకదు. మీ ఇంట్లో రంజన్, అదే నీళ్ల మట్టికుండ, ఉందా? మన దగ్గర దాంట్లో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే రంజన్ను బందరు తీసుకుపోయి పెట్టి చూడండి, పేరుకే చల్లగా ఉంటాయి. రంజన్ కూడా చెమట పట్టి, అది ఆరితేనే చల్లబడేది.

మా ల్యాబ్‌లో రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడేసేవాళ్లం. ఒకటి పొడిది, రెండోదాని బుడ్డికి తడి మల్లుగుడ్డ చుట్టి ఉంటుంది. టీవీలో చెప్పే 38, 44 అన్నీ పొడి థర్మామీటరు అంకెలు. ఒంటికి పట్టే లెక్క తడిదానిలో ఉంటుంది. మన నల్లగొండలో 44 ఉండి గాలిలో తేమ 20 శాతం ఉంటే తడి థర్మామీటరు 25 దగ్గర ఆగుతుంది. బందరులో 38 ఉండి తేమ 60 శాతం ఉంటే అది 31 చూపిస్తుంది. ఒంటికి తెలిసే వేడి అని ఇంకో లెక్క కడతారు, దాని ప్రకారం ఆ 38 దాదాపు 54తో సమానం. తడి లెక్క 35కు చేరితే ఎంత గట్టి మనిషైనా, నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రవేత్తల అంచనా. 31 దగ్గరే బరువు పని చేసేవాళ్లకు, అరవై దాటినవాళ్లకు గండం మొదలవుతుంది. మీ ఆయన పందిరి గుంజలు పాతుతానంటున్నాడు, రెండు లెక్కల్లోనూ వస్తాడు.

అట్లాగని మన 44 మంచిదని రాసినట్టు ఆయనకు చదివి వినిపించకండి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పోయినవాళ్లు రెండు వేలకు అటూ ఇటూ. మన ఎండ కాల్చేది, అక్కడి ఎండ ఉడికించేది. పైగా అక్కడ రాత్రి కూడా తెరిపి ఉండదు. మన దగ్గర డాబా మీద పక్క వేసుకుంటే తెల్లవారుజాముకన్నా గాలి తిరుగుతుంది. బంగాళాఖాతం పక్కన నీళ్లు తొందరగా చల్లారవు, రాత్రంతా తేమ అట్లాగే పట్టి ఉంటుంది. ఒంటికి విశ్రాంతి లేకుండానే తెల్లారుతుంది, మూడో రోజుకు మనిషి డీలా పడతాడు.

ఇంకో చిత్రం చెబుతాను. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే బందరులో వేడి కొంచెం తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. కొన్ని రోజులు మాత్రం మన వైపు నుంచి పోయే పడమటి గాలి జోరుగా ఉండి ఆ సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రోజు అక్కడ కూడా 40 దాటేస్తుంది. హైదరాబాదు నుంచి సూర్యాపేట, విజయవాడ మీదుగా పోయే 65వ నంబరు హైవే బందరులోనే ఆగుతుంది కదా, మీరు పోయే దారినే మన వడగాలి కూడా మీకంటే ముందు పోయి కూర్చుంటుందన్నమాట.

ఏం చేయాలంటే, పందిరి పని తొమ్మిదిలోపు ముగించమనండి, తర్వాత సాయంత్రం అయిదు దాటాకే. కొత్త వాతావరణానికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి మూడు రోజులు కుర్చీలో కూర్చుని పని చెప్పే మనిషిగా ఉండాలి. నాకు తెలిసి మగవాళ్లకు ఇదేమీ కష్టమైన పని కాదు. ఫ్యాను కింద ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ, గంజి తాగుతుండాలి. బీపీ గోలీల్లో కొన్ని ఒంట్లో నీళ్లను మూత్రం ద్వారా బయటికి పంపేవి ఉంటాయి. ఆయనవి ఏ రకమో, మజ్జిగలో ఉప్పు ఎంత వేసుకోవచ్చో బయలుదేరే ముందే డాక్టరును అడగండి. గోలీలు సొంతంగా ఆపొద్దు.

ఒక్కటి మాత్రం బిడ్డకూ అల్లుడికీ చెప్పి పెట్టండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, నడక తూలినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. అక్కడి వడదెబ్బలో ఒళ్లు తడిగా కూడా ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు.

ప్రశ్న: వాతావరణ శాఖ కోస్తాకు 37 డిగ్రీలకే వడగాలి అంటుంది, మాకు 40 దాటాలంటుంది. ఇదేం పక్షపాతం సార్?
ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: పైన రాసిందే దీనికీ సగం జవాబు. అయితే 37 కాగానే వడగాలి అని ప్రకటించరు బాబూ. కోస్తాలో 37, మైదానంలో 40 అనేవి గడప మాత్రమే. అది దాటాక ఆ ఊరికి ఆ రోజుల్లో మామూలుగా ఉండే ఎండ కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే వడగాలి, 6.4 మించి ఎక్కువ ఉంటే తీవ్ర వడగాలి. మైదానంలో 45 తాకితే మామూలుతో పని లేకుండానే వడగాలి లెక్క. ఉక్కపోత హెచ్చరిక వేరే ఇస్తారు, అది ఈ కొలతల్లోకి రాదు. అందుకే బులెటిన్లో అంకె ఒక్కటే చూసి టీవీ కట్టేయకు. పసుపా, నారింజా, ఎరుపా అని రంగు కూడా చూడు.

ప్రశ్న: మాకు మిర్యాలగూడలో కూలరు ఏప్రిల్, మేలో బాగానే పనిచేస్తుంది. జూన్‌లో మబ్బులు పట్టగానే గది జిగటగా అవుతుంది. మోటారు పాడైందా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మోటారుకేం కాలేదు. కూలరు కూడా రంజన్‌కు చుట్టమే, పొడి గాలి ఉంటేనే దాని ప్రతాపం. మబ్బు పట్టాక నీళ్ల పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి. మీరు కిటికీలన్నీ మూసి కూలరు పెడుతున్నారేమో చూసుకోండి, చాలామంది అదే చేస్తారు. కూలరు వెనక బయటి గాలి తగలాలి, ఎదురు కిటికీ జానెడన్నా తెరిచి ఉండాలి. లేకపోతే మేలో కూడా మీ గది బందరే. గడ్డి మార్చి రెండేళ్లయితే ముందు అది మార్పించండి.